విశాఖలో జాజ్ పియానో వాయించి బతకాలంటే

విశాఖలో జాజ్ ఒక్కటే వాయించి ఇల్లు గడపడం కష్టం. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే మిగతా లెక్కలన్నీ తేలికవుతాయి. ఇక్కడ కీబోర్డ్ ప్లేయర్ వారమంతా ఒకే పని చెయ్యడు. శుక్ర, శనివారాలు బీచ్ రోడ్డు హోటల్ లాబీలో సెట్లు, ఆదివారం పొద్దున్న చర్చి, ముహూర్తాలుంటే రిసెప్షన్ ఆర్కెస్ట్రా, మిగిలిన రోజుల్లో ఇంట్లో కూర్చుని హైదరాబాద్ వాళ్ల ట్రాకులకి బిట్లు, అంటే చిన్న చిన్న వాయింపు ముక్కలు. ఇందులో జాజ్ అని పేరు పెట్టి పిలిచే పని ఏ నెలకో ఒకటి వస్తుంది. కానీ జాజ్ నేర్చిన చేతికి ఈ నాలుగు పనులూ దొరుకుతాయి. ఏ శ్రుతిలో అడిగినా వాయించడం, కాగితం లేకుండా కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) పట్టుకోవడం, పక్కవాళ్లకి చోటిచ్చి వాయించడం అనే మూడింటినీ జాజ్ నేర్పినంత గట్టిగా మరొకటి నేర్పదు.

పెద్దవాళ్లు కూడా ఇలాగే బతికారు. అమెరికా జాజ్ పియానిస్టు హ్యాంక్ జోన్స్ 1959 నుంచి పదిహేనేళ్లకు పైగా అక్కడి సీబీఎస్ ప్రసార సంస్థలో ఉద్యోగ పియానిస్టు. 1962లో మార్లిన్ మన్రో అధ్యక్షుడు కెన్నెడీకి పుట్టినరోజు పాట పాడినప్పుడు పియానో దగ్గర ఉన్నది ఆయనే. మన దేశపు జాజ్ పియానిస్టు లూయిస్ బ్యాంక్స్ కలకత్తా పార్క్ స్ట్రీట్‌లో వాయించి, తర్వాత బొంబాయి స్టూడియోలకి వెళ్లారు. 1992కి ముందు ఎ.ఆర్. రెహమాన్ కూడా మద్రాసులో రాజ్–కోటి లాంటి మన సంగీత దర్శకుల దగ్గర కీబోర్డ్ వాయించినవారే.

ముందు ఎడమ చెయ్యి తగ్గించాలి

చర్చిలోనో ఆర్కెస్ట్రాలోనో కీబోర్డ్ నేర్చుకున్నవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. ఎడమ చేత్తో కింద ఆక్టేవులో (స్థాయిలో) బేస్, కుడిచేత్తో మూడు స్వరాల కార్డు, పెడల్ తొక్కే ఉంచడం. ఒంటరిగా వాయిస్తే నిండుగానే ఉంటుంది. బేస్ గిటార్ వచ్చి చేరితే రెండు బేస్‌లు ఒకదాని మీద ఒకటి పడి శబ్దం బురదవుతుంది. సౌండ్ ఇంజనీరు ఏం చేస్తాడు? మిక్సర్ మీద మీ శబ్దం మీట (ఫేడర్) దించేస్తాడు. అంతటితో మీరు వేదిక మీద ఉన్నా లేనట్టే.

దీనికి మందు షెల్ వాయిసింగ్. కార్డులో మూడో స్వరం, ఏడో స్వరం మాత్రమే ఉంచుకుని మొదటిదీ అయిదోదీ వదిలెయ్యడం. సీ శ్రుతిలో డీ మైనర్ సెవెన్, జీ సెవెన్, సీ మేజర్ సెవెన్ వరస తీసుకోండి. ఎడమచేత్తో మొదటి కార్డుకి ఎఫ్–సీ, రెండోదానికి ఎఫ్–బీ, మూడోదానికి ఈ–బీ. ప్రతి మలుపులో కదిలేది ఒక్క వేలు, అదీ ఒక్క మెట్టే. ఇది పన్నెండు శ్రుతుల్లోనూ చూడకుండా వచ్చేదాకా వేరేది మొదలుపెట్టకండి. రోజుకి ఒక శ్రుతి చొప్పున ఇరవై నిమిషాలు కేటాయిస్తే పన్నెండు రోజులకి ఒక చుట్టు. మూడు చుట్లకి చెయ్యి తనంతట తనే వెళుతుంది.

తర్వాత మెట్టు నాలుగు స్వరాల రూట్‌లెస్ వాయిసింగులు, అంటే కార్డు మొదటి స్వరం (రూట్) లేనివి. అదే వరసకి ఎఫ్–ఏ–సీ–ఈ, ఎఫ్–ఏ–బీ–ఈ, ఈ–జీ–బీ–డీ. మొదటిదానికీ రెండోదానికీ తేడా సీ దిగి బీ కావడమే. ఇవి మిడిల్ సీకి (కీబోర్డు నడిమి సీకి) అటూ ఇటూ ఉండాలి. మిడిల్ సీకి ఆక్టేవ్ కింద ఉన్న సీ దాటి దిగితే దగ్గర దగ్గర స్వరాలు ఒకదాన్నొకటి రాసుకుని గరగరలాడతాయి. బేస్ ప్లేయర్ లేని లాబీలో మాత్రం ఈ వాయిసింగులు గాల్లో వేలాడినట్టుంటాయి. అక్కడ ఎడమచేత్తో రూట్, ఏడో స్వరం వేసుకుని, మూడోదాన్ని కుడిచేతికి ఇవ్వండి.

ట్రైటోన్ సబ్‌స్టిట్యూషన్ (ఒక కార్డు బదులు ఆరు అరస్వరాల దూరంలోని కార్డు వెయ్యడం) నేర్చుకోగానే అందరికీ అన్నిచోట్లా వెయ్యాలనిపిస్తుంది. జీ సెవెన్ బదులు డీ ఫ్లాట్ సెవెన్ వేస్తే కుదరడానికి కారణం, రెండింటిలోనూ ఎఫ్, బీ ఉమ్మడి కావడం. కానీ పాడేవాళ్లు ఆ క్షణంలో డీ స్వరం మీద నిలబడి ఉంటే మీ డీ ఫ్లాట్ వాళ్ల కాలు తొక్కుతుంది. ముందు పల్లవి గొంతు ఎక్కడ ఆగుతుందో వినండి. రెండోసారి తిరిగినప్పుడు మార్చండి.

స్వింగ్, తిశ్రం

మన తాళజ్ఞానం జాజ్‌లో ఒక చోట ఉపయోగం, ఒక చోట అడ్డు. స్వింగ్‌ని తిశ్రనడ అనుకుని ప్రతి బీట్‌నీ సరిగ్గా మూడు ముక్కలు చేసి రెండు–ఒకటి పాళ్లలో వాయిస్తే అది షఫుల్ అవుతుంది, గుర్రపుబండి నడకలా. నెమ్మది పాటలో ఆ పాళ్లు దాదాపు నప్పుతాయి. వేగం పెరిగేకొద్దీ బీట్‌లోని రెండు ముక్కలూ సమానానికి దగ్గరవుతాయి. నిమిషానికి 200 బీట్ల పైన దాదాపు సూటిగానే వాయించి, ఊపుని వేలి బరువులో చూపించాలి. అంటే బలం రెండో ముక్క మీద పడాలి.

రెండోది సమం, అంటే తాళం మొదలయ్యే చోటు. మనకి చప్పట్లు మొదటి అక్షరం మీద పడతాయి. జాజ్‌లో రెండు, నాలుగు మీద పడాలి. 120 వేగంలో వాయించే పాటకి మెట్రోనమ్‌ని (లయకి టిక్కులు కొట్టే యంత్రాన్ని) 60కి పెట్టండి. ఆ టిక్కుని 'రెండు', 'నాలుగు' అని లెక్కపెట్టండి. మొదటి వారం అది పదే పదే 'ఒకటి'లోకి జారిపోతుంది. జారిన ప్రతిసారీ ఆపి, నోటితో లెక్కపెట్టి మళ్లీ ఎక్కాలి. చేతులతో సరిదిద్దుకోబోతే కుదరదు.

"మాది నాలుగున్నర" అంటే

ఇక్కడ గాయనీ గాయకులు ఎఫ్ షార్ప్ అనరు. శ్రుతి చెబుతారు. ఒకటి అంటే సీ, ఒకటిన్నర సీ షార్ప్, రెండు డీ, రెండున్నర డీ షార్ప్, మూడు ఈ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, అయిదు జీ, అయిదున్నర జీ షార్ప్, ఆరు ఏ, ఆరున్నర ఏ షార్ప్, ఏడు బీ. మూడుకీ నాలుగుకీ మధ్య, ఏడుకీ పై ఒకటికీ మధ్య అర లేదు. కచేరీ పద్ధతిలో పాడే ఆడవాళ్లు ఎక్కువగా అయిదు, ఆరు మధ్య ఉంటారు, మగవాళ్లు ఒకటి, రెండు దగ్గర. సినిమా పాటల దగ్గర ఈ లెక్క పనిచెయ్యదు. ఏ పాటకి ఆ పాట అడిగి తీరాలి.

నేవీ బ్యాండ్‌లో వాయించి వచ్చినవాళ్లో, పెళ్లి బ్యాండ్ ట్రంపెట్ ప్లేయరో పక్కన చేరితే మరో లెక్క. ట్రంపెట్, టెనర్ శాక్సోఫోన్ వాళ్లు కాగితం చూసి 'సీ' అంటే మీకది బీ ఫ్లాట్. ఆల్టో శాక్సోఫోన్ వాళ్ల 'సీ' మీకు ఈ ఫ్లాట్. "మీ సీనా, పియానో సీనా?" అని ఒక్కసారి అడిగితే పోతుంది.

కీబోర్డు శ్రుతిని మొత్తంగా మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ వాడడం తప్పేం కాదు. దాని మీద పూర్తిగా ఆధారపడడంతోనే చిక్కు. మొదటి పాటకి ప్లస్ ఒకటి పెట్టి, రెండో పాటకి తియ్యడం మరిచిపోతే వందమంది ముందు అరస్వరం తేడాతో మొదలవుతుంది. కొన్ని కీబోర్డుల్లో ఆ బటన్ మిడీ అవుట్‌ని (కంప్యూటర్‌కి వెళ్లే స్వరాల సమాచారాన్ని) కూడా మారుస్తుంది. ఇంట్లో రికార్డింగ్‌కి కూర్చున్నప్పుడు నిన్నటి కార్యక్రమపు ప్లస్ రెండు అలాగే ఉండిపోయి, ఫైలంతా తప్పు శ్రుతిలో వెళ్లిపోతుంది. బటన్ నిజంగా అవసరమయ్యే శ్రుతులు మూడే: ఒకటిన్నర, నాలుగున్నర, అయిదున్నర. ఆ మూడింటినే రోజూ ముందు సాధన చేస్తే బటన్ జోలికే వెళ్లక్కర్లేదు.

రాగం మీద కార్డు వేసేటప్పుడు

హోటల్లో అతిథి పాత తెలుగు పాట అడుగుతారు. మీరు దానికి జాజ్ రంగు వేస్తారు. ఇక్కడే చాలామంది దొరికిపోతారు. స్కేళ్లు (స్వరాల వరసలు) రాగాలతో కలుస్తాయన్నది నిజమే. శంకరాభరణం మేజర్ స్కేలు, హరికాంభోజి మిక్సోలిడియన్, ఖరహరప్రియ డోరియన్, నఠభైరవి సహజ మైనర్, కల్యాణి లిడియన్, కీరవాణి హార్మోనిక్ మైనర్, గౌరీమనోహరి జాజ్ మెలోడిక్ మైనర్. వాచస్పతి అయితే లిడియన్ డామినెంటే. మేళకర్తలు తెలిసినవాళ్లు జాజ్ స్కేళ్ల పుస్తకంలో సగం చదివేసినట్టే.

అయితే రాగం అంటే స్కేలు కాదు. సీ శ్రుతిలో కల్యాణి పాటకి అలవాటుగా ఎఫ్ మేజర్ వేశారంటే, ప్రతిమధ్యమం (ఎఫ్ షార్ప్) ఉండాల్సిన చోట శుద్ధ మధ్యమం (ఎఫ్) మోగుతుంది. శంకరాభరణంలోకి జారిపోయారన్నమాట. అక్కడ సీ బేస్ మీద డీ మేజర్ వెయ్యండి. హిందోళం ఇంకా చిత్రం: సీ, ఈ ఫ్లాట్, ఎఫ్, ఏ ఫ్లాట్, బీ ఫ్లాట్. పంచమమే లేదు. చెయ్యి వెళ్లేది సీ మైనర్ మీదికే, అందులో జీ ఉంది. సీ బేస్ మీద ఏ ఫ్లాట్ మేజర్‌గానీ ఎఫ్ మైనర్ సెవెన్‌గానీ వేస్తే షడ్జమం మీద ఉన్నట్టూ ఉంటుంది, రాగమూ చెడదు. మోహనలో మధ్యమం, నిషాదం లేవు కాబట్టి సీ సిక్స్ నైన్, ఏ మైనర్ సెవెన్ ఎంతసేపైనా తిప్పుకోవచ్చు. ఎఫ్ మేజర్ సెవెన్ అందంగానే ఉంటుంది గానీ పాటని మోహన గడప దాటిస్తుంది. చరణం చివర ఒక్కసారి చాలు.

గమకం సంగతి వేరే. ఖరహరప్రియ గాంధారం ఊగుతుంది. గాయకుడు దాన్ని ఊపుతుంటే మీరు కార్డులో అదే స్వరాన్ని గట్టిగా కొట్టడం ఉయ్యాల కింద పీట వెయ్యడం లాంటిది. ఆ చోట మూడో స్వరం వదిలేసి, షడ్జ పంచమాలు పట్టుకుని ఆగండి. పాత క్రైస్తవ కీర్తనల్లో కూడా కర్ణాటక రాగాల్లో కట్టినవి చాలా ఉన్నాయి. చర్చిలో కూడా ఇదే జాగ్రత్త.

ఉప్పుగాలిలో సామాను

అసలు పియానోకి గాలిలో తేమ 40–50 శాతం దగ్గర స్థిరంగా ఉండాలి. విశాఖలో 70 దాటే రోజులే ఎక్కువ. చెక్క ఉబ్బి మెట్లు ఇరుక్కుంటాయి, సుత్తి కీలు దగ్గరి ఫెల్ట్ ఉబ్బి సుత్తి నెమ్మదిస్తుంది, తీగలకి తుప్పు పడుతుంది. ఏసీ పగలు వేసి రాత్రి కట్టేసే హాల్లో ఉన్న పియానోకి మరీ అన్యాయం. తేమ రోజూ ఎక్కి దిగడం వల్ల ట్యూనింగ్ నిలవదు. అలాంటి చోట వాయించడానికి ఒప్పుకునే ముందు ఒక్కో మెట్టూ నొక్కి, పలకనివి రాసుకోండి. మిడిల్ సీ పైనున్న ఏ స్వరాన్ని ఫోన్ ట్యూనర్‌తో చూడండి. 440కి కాస్త తక్కువున్నా ఒంటరిగా వాయించుకోవచ్చు, గిటార్ మీకు శ్రుతి చేసుకోగలదు. బ్యాకింగ్ ట్రాక్‌తో మాత్రం ససేమిరా కుదరదు. ఆ రోజు డిజిటల్ పియానో పట్టుకెళ్లాల్సిందే.

కొనుక్కోవడానికి 88 బరువు మెట్ల స్టేజ్ పియానో చాలు. రెండో అంతస్తు బ్యాంకెట్ హాలుకి మోసేది మీరే కాబట్టి 12–15 కిలోల లోపుది చూసుకోండి. సంచీలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి. రంగు మారితే సన్నని వేడి మీద ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఏసీ గదిలోంచి తీసి సూటిగా రుషికొండ ఇసుక పక్కన స్టేజీ మీద పెట్టి స్విచ్ వెయ్యకండి. చల్లటి సర్క్యూట్ మీద తేమ ముత్యాల్లా పడుతుంది. సంచీ విప్పకుండా అరగంట ఉంచండి. బీచ్ కార్యక్రమం అయ్యాక జాకుల్ని, మెట్లని పొడిగుడ్డతో తుడవకపోతే, రెండేళ్లకి మెట్ల కింది కాంటాక్టులు ఒక్కో స్వరాన్నీ గట్టిగానో మౌనంగానో పలికిస్తాయి.

పెడల్ జాక్ పెట్టాకే కీబోర్డ్ ఆన్ చెయ్యాలి. చాలా కీబోర్డులు ఆన్ అయ్యే క్షణంలోనే పెడల్ దిశని గుర్తిస్తాయి. అప్పుడు కాలు దాని మీద ఉంటే తొక్కినప్పుడు ఆగుతుంది, వదిలినప్పుడు మోగుతుంది. స్టేజీ మీద ఇలా జరిగితే కంగారుపడకుండా ఆపి, కాలు తీసి, మళ్లీ ఆన్ చేస్తే సరి.

ఫంక్షన్ హాళ్లలో కరెంటు నుంచి జెనరేటర్‌కి మారే రెండు సెకన్లు మీ పాట మధ్యలోనే వస్తాయి. కీబోర్డుకీ ల్యాప్‌టాప్‌కీ కలిపి 600 వీఏ యూపీఎస్ సరిపోతుంది. గుయ్యిమని హమ్ వస్తే డీఐ బాక్సులో (కీబోర్డుని మిక్సర్‌కి కలిపే పెట్టెలో) గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. ప్లగ్గు ఎర్త్ పిన్ను పీకే తెలివి ఎవరైనా చూపిస్తే వద్దనండి. తడి ఇసుక మీద అది ప్రాణాంతకం. హాలు స్పీకర్లు చాలాచోట్ల మోనోయే, అంటే ఎడమ కుడి తేడా ఉండదు. స్టీరియో పియానో శబ్దాన్ని మోనోలోకి కలిపితే డొల్లగా, డబ్బాలో మోగినట్టు వస్తుంది. మీ కీబోర్డులో మోనో పియానో ప్యాచ్ (శబ్దం) ఉంటే అది ఎంచుకుని, లెఫ్ట్/మోనో జాక్ ఒక్కటే వాడండి.

లాబీ, రిసెప్షన్

లాబీలో 45 నిమిషాలు వాయించి 15 నిమిషాలు ఆగడం మంచి పద్ధతి. పక్క టేబుల్‌లో ఇద్దరు గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగితే మీ వాల్యూమ్ సరిగ్గా ఉన్నట్టు. మొదటి సెట్‌లో సోలోలు ఒక చుట్టు మించనివ్వకండి. అక్కడ ఎవరూ మీ సోలో కోసం రాలేదు, భోజనానికి వచ్చారు. రాత్రి పొద్దుపోయాక, నలుగురు మిగిలినప్పుడు, అసలైన జాజ్ వాయించుకునే సమయం దానంతటదే దొరుకుతుంది.

ఆరుబయట రిసెప్షన్ అయితే రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్‌కి అనుమతి లేదు. వధూవరులు స్టేజీ ఎక్కడం ఎలాగూ ఆలస్యమవుతుంది కాబట్టి, ముఖ్యమైన పాటలు తొమ్మిదిన్నర లోపే అయిపోయేలా వరస వేసుకోండి.

ఇంట్లోంచి స్టూడియో పని

హైదరాబాద్ ప్రోగ్రామర్ (కంప్యూటర్‌లో ట్రాకులు కట్టేవాడు) పంపేది సాధారణంగా ఒక రఫ్ మిక్స్, దాని బీపీఎం (నిమిషానికి బీట్లు), శ్రుతి, "ఇక్కడ జాజీగా ఒక బిట్ కావాలి" అనే ఒక మాట. ఆ మాటకి అర్థం మనిషికో రకం. ఒకరికి క్లబ్బు సీను, ఒకరికి కామెడీ, మరొకరికి ఏడో స్వరం తగిలితే చాలు. వాయించే ముందే నమూనాగా ఒక పాట లింకు అడగండి. ఇవ్వకపోతే 20 సెకన్లు వాయించి పంపి, అవునంటేనే ముందుకెళ్లండి.

శాంపుల్ రేటు (ధ్వనిని సెకనుకి ఎన్నిసార్లు కొలిచి దాస్తారన్నది) అడగకపోవడం అన్నిటికన్నా ఖరీదైన తప్పు. సినిమా పని 48 కిలోహెర్ట్జ్‌లో నడుస్తుంది. మీరు 44.1లో రికార్డు చేసిన ఫైలుని మార్చకుండా 48లో తెరిస్తే, అది తొమ్మిది శాతం దాకా వేగంగా, దాదాపు ఒకటిన్నర సెమీటోన్ పైకి మోగుతుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ అని ప్రాజెక్టు మొదట్లోనే పెట్టుకోండి. బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి తీసుకునే శాంపుళ్లు) 128 ఉంచితే ఒక వైపు ఆలస్యం 2.7 మిల్లీసెకన్లు. రానూపోనూ కలిపి పది దాటితే వేళ్లు వెనకబడుతున్నట్టు తోచి, మీరు తెలియకుండానే తొందరపడతారు. ఆ తొందర ఫైల్లో దొరికిపోతుంది.

ఒక్కో బిట్‌కి మూడు టేకులు ఇవ్వండి: కార్డులు మాత్రమే ఉన్నది ఒకటి, మీకు నచ్చినట్టు నిండుగా వాయించింది ఒకటి, దాదాపు ఏమీ వాయించనిది ఒకటి. ఆర్.ఆర్.లో, అంటే సంభాషణల కింద వచ్చే సంగీతంలో, ఎక్కువగా నిలిచేది మూడోదే. మాట నడిచే చోట మధ్య ఆక్టేవులు ఖాళీగా ఉంచి పైన రెండు మూడు చుక్కలు పెడితే మిక్స్ చేసేవాళ్లు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు. స్వింగ్ బిట్‌ని నూరు శాతం క్వాంటైజ్ (కంప్యూటర్‌తో లయకి సర్దడం) చెయ్యకండి. తప్పిన స్వరాన్ని ఒక్కదాన్నే చేత్తో జరపండి.

ఫైళ్లన్నీ పాట మొదటి బార్ (ఆవర్తం) నుంచే మొదలవ్వాలి, మీ బిట్ 64వ బార్‌లో ఉన్నా సరే. అవతలివాళ్లు లాగి పడేస్తే దాని చోట అది కూర్చోవాలి. రివర్బ్ (హాల్లో మోగినట్టు చేసే ప్రతిధ్వని) లేనిది ఒకటి, ఉన్నది ఒకటి. పీకులు (శబ్దం ఎక్కువగా ఎగిసే చోట్లు) మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి. ఫైలు పేరులో పాట, బీపీఎం, శ్రుతి, టేకు నంబరు ఉండాలి. 24 బిట్ స్టీరియో వేవ్ నిమిషానికి 17 ఎంబీ దాకా ఉంటుంది. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే నాణ్యత కుదించుకుపోతుంది. డ్రైవ్ లింకు ఇవ్వండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి. 2014 హుద్‌హుద్ చూసిన ఊరు కాబట్టి, ప్రాజెక్టుల నకలు ఒకటి క్లౌడ్‌లో, ఒకటి వేరే ఇంట్లో ఉండాలని విడిగా చెప్పనక్కర్లేదు.

నేరుగా స్టూడియోకి రమ్మంటే సాయంత్రం గోదావరి ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. మధ్యాహ్నం సెషన్ ఒప్పుకోండి, పొద్దున్నే కాదు.

డబ్బు సంగతి

పని ఒప్పుకునేటప్పుడే మెసేజ్‌లో రాయించుకోవాల్సినవి: ఎన్ని బిట్లు, ఎన్నిసార్లు మార్పులు ఉచితం (రెండు చాలు), ఎప్పటికి కావాలి, సగం అడ్వాన్స్, టైటిల్స్‌లో పేరు వేస్తారా. నోటిమాట మీద నడిచే పనుల్లో మూడో మార్పు దగ్గరే మాట తేడా వస్తుంది. మిడీ ఫైలు అడిగితే దానికి ధర వేరే చెప్పండి. ఆడియో ఇస్తే మీ వాయింపు ఇచ్చినట్టు. మిడీ ఇస్తే దాన్ని వేరే శబ్దంతో, వేరే శ్రుతిలో, వేరే పాటలో కూడా వాడుకోగలరు.

నిర్మాణ సంస్థలు, హోటళ్లు ఫీజులో 10 శాతం టీడీఎస్ కోసి ఇవ్వడం మామూలే. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు. కోసింది మీ పాన్ ఖాతాలో జమ అయిందో లేదో మూడు నెలలకోసారి చూసుకోండి. రిటర్న్ వెయ్యకుండా వదిలేస్తే వెనక్కి రావాల్సిన డబ్బు అక్కడే ఉండిపోతుంది.

ఏడాది లెక్క పంచాంగం చూసి వేసుకోవాలి. ఆషాఢం, పుష్యం, మూఢం ఉన్న రోజుల్లో పెళ్లిళ్లుండవు కాబట్టి ఆర్కెస్ట్రా పని ఎండిపోతుంది. డిసెంబరులో మాత్రం 4న నేవీ డే, తర్వాత చర్చి క్రిస్మస్ కార్యక్రమాలు, 31న హోటళ్లు అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. డిసెంబరు తారీఖులకి అడ్వాన్సులు అక్టోబరులోనే తీసుకోండి. ఆషాఢంలో డెమో తయారుచేసుకోండి. ఒక్కోటి నిమిషంన్నర చొప్పున మూడు ముక్కలు: ఒంటరిగా ఒక నెమ్మది పాట, అయిదున్నరలో పాడే గాయనికి సహకారం, క్లిక్ (మెట్రోనమ్ టిక్కు) మీద ఒక బిట్. బ్యాంకెట్ మేనేజరు మొదటిది పూర్తిగా వినకపోవచ్చు. ప్రోగ్రామర్ మూడోది మాత్రమే వింటాడు. గాయనీ గాయకులు రెండోది వింటారు, ఇక్కడ పనులు ఎక్కువగా వాళ్ల నోటి మీదుగానే వస్తాయి కాబట్టి దాని మీద ఎక్కువ రోజులు పెట్టండి.